ఉప్పుగాలి ఊళ్ళలో ఇనుప నీళ్ళట్యాంకు

నెల్లూరు తీరంలో నీళ్ళకు కొదవ లేదు, మంచినీళ్ళకే కొదవ. ముత్తుకూరు నుంచి వాకాడు దాకా సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో చాలాచోట్ల బోరు దించితే ఉప్పునీళ్ళే పడతాయి. ఎండాకాలం వచ్చిందంటే ట్రాక్టరు వెనక ఇనుప ట్యాంకరు తగిలించుకుని ఊరూరూ తిరగడం ఇక్కడ మామూలు. ట్యాంకరు బయట నీలం రంగు, దాని మీద దేవుడి పేరో దాత పేరో ఉంటుంది. లోపల ఏముందో చూసేవాళ్ళు తక్కువ. మూత తీసి సెల్‌ఫోను లైటు కొడితే పైకప్పుకు వేలాడుతున్న తుప్పు పెచ్చులు, గోరుతో గీకితే ఊడొచ్చే ఎర్రపూత, అడుగున గోధుమరంగు బురద కనపడతాయి.

ఇనుప ట్యాంకులు ట్రాక్టర్ల వెనకే లేవు. ఆవిరి ఇంజన్ల కాలంలో రైల్వేకు ఇవే ఆధారం. బిట్రగుంట ఇంజన్ల షెడ్డు పొగలు కక్కిన రోజుల నాటి రైల్వే వ్యవస్థ చాలావరకు ఎత్తైన కాళ్ళ మీద నిలబెట్టిన ఉక్కు ట్యాంకుల మీదే నడిచింది. అచ్చులో నొక్కిన ఉక్కు పలకలను బోల్టులతో బిగించి కట్టే ఆ రకానికి మన దేశంలో ఐ.ఎస్. 804 అనే ప్రమాణం కూడా ఉంది. కృష్ణపట్నం చుట్టుపక్కల థర్మల్ కేంద్రాల్లో, ఫ్యాక్టరీల్లో అగ్నిమాపక నీటికి, బాయిలరు నీటికి పెద్దపెద్ద ఉక్కు ట్యాంకులున్నాయి. వాటికి ఇంజనీర్లున్నారు, తనిఖీ పుస్తకాలున్నాయి. రొయ్యపిల్లల హేచరీలవాళ్ళు లోహం జోలికే పోకుండా సిమెంటు తొట్లు, ఫైబరు తొట్లు వాడుకుంటారు. దిక్కులేనివి మిగతావే: పంచాయతీ ట్యాంకర్లు, హాస్టళ్ళ మీది పాత ట్యాంకులు, కల్యాణమండపాలవి, చిన్న ఆస్పత్రులవి. ఈ సమీక్ష వాటి కోసం.

తుప్పుపట్టిన ట్యాంకును బాగుచేయాలనుకోగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఏ కంపెనీ పెయింటు మంచిదని. నా లెక్కలో అది ఆఖరున అడగవలసింది. ఈ తీరంలో పూతలు ఎక్కువగా పాడయ్యేది డబ్బా తెరవకముందే ఇనుము మీద మిగిలిపోయిన ఉప్పు వల్ల. ఆ సంగతి తేలనిదే పెయింటు ధర ఎంతైనా ఒకటే.

ఇనుముకు నీరు, ప్రాణవాయువు రెండూ తగిలితే తుప్పు పడుతుంది. అందులో ఉప్పు కలిస్తే పని వేగిరపడుతుంది. ఉప్పు కరిగిన నీటిలో విద్యుత్తు తేలిగ్గా పారుతుంది కాబట్టి ఇనుము ఒకచోట కరుగుతూ, పక్కనే మరోచోట ప్రాణవాయువు ఖర్చవుతూ చిన్నచిన్న బ్యాటరీలు తయారవుతాయి. ఉప్పులోని క్లోరైడు ఇంకా గడుసుది. తుప్పు పొర కిందికి దూరి, గుంట అడుగున చేరి, అక్కడ ఆమ్లగుణాన్ని పెంచుతుంది. క్లోరైడు ఖర్చైపోదు, ఇనుమును తినడానికి మళ్ళీమళ్ళీ పనికొస్తుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పైన ఉన్న పూతను లోపలినుంచి ఎత్తి పగలగొట్టేది అదే. కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ దేశానికి తుప్పు పటం ఒకటి తయారుచేసింది. ఇనుముకు గడ్డుకాలం తీరం వెంబడే అని అది చెబుతుంది.

ట్యాంకులో అన్నిచోట్లా ఒకేలా పట్టదు. నీళ్ళలో మునిగి ఉన్న గోడే ముందు చెడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అన్నిటికంటే ముందు పోయేది పైకప్పు లోపలి వైపు. పగలంతా కాగిన రేకు రాత్రి చల్లబడగానే దాని కింద ఆవిరి బొట్లు కడతాయి. క్లోరిన్ వాసన ఆ బొట్లలోనే కలుస్తుంది. పక్కనే గాలి పుష్కలం. అక్కడికి బ్రష్షు సరిగా చేరదు, మనిషి కన్నూ చేరదు. ఆ తర్వాత నీటిమట్టం ఎక్కిదిగే పట్టీ, ఆ తర్వాత అడుగు. అడుగున బురద కింద ప్రాణవాయువు అందని చోట గుంటలు పడతాయి. బ్లీచింగు పొడిని నీటిలో కలిపి తేర్చకుండా గుప్పిళ్ళతో ట్యాంకులోకి విసిరే అలవాటు మనకుంది. ఆ గడ్డలు అడుగున పడ్డచోటల్లా ఇనుము మీద తూట్లు మొదలవుతాయి.

నీటి గుణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఉప్పుబోరు నీళ్ళు ఇనుమును తింటాయని అందరికీ తెలుసు. ఊరూరా వెలసిన ఆర్.ఓ. ప్లాంట్ల నీళ్ళు కూడా తింటాయంటే నమ్మరు. లవణాలు చాలావరకు తీసేసిన నీరు గోడల మీద సున్నపు పొర కట్టనివ్వదు, ఉన్న పొరనూ కరిగిస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లాంగెలియర్ 1936లో ప్రతిపాదించిన సూచిక లెక్కగట్టేది ఈ సంగతినే. అందుకే ఆర్.ఓ. నీటిని పూతలేని ఇనుప ట్యాంకులో నిలవ ఉంచడం పొరపాటు.

తుప్పునీళ్ళు తాగితే ప్రమాదమా? ఇనుము అంతటి విషం కాదు. లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకు మరకలు పడతాయి, ఇంకా పెరిగితే రుచి తేడా వస్తుంది. అసలు నష్టం పక్కదారిన వస్తుంది. తుప్పు క్లోరిన్‌ను మింగేస్తుంది. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతుంది. తుప్పు ట్యాంకులో ఎంత బ్లీచింగు వేసినా అది మిగలదు, బురదలో సూక్ష్మజీవులు హాయిగా బతుకుతాయి. అమెరికాలోని ఫ్లింట్ పట్టణం 2014 ఏప్రిల్లో క్లోరైడు ఎక్కువగా ఉన్న నది నీటికి మారి, గొట్టాలను కాపాడే రసాయనం కలపడం మానేసింది. గొట్టాల నుంచి నీటిలోకి సీసం దిగిన సంగతి ప్రపంచమంతా విన్నది. అదే ఏడాది అక్టోబరులో అక్కడి జనరల్ మోటార్స్ ఇంజన్ల ఫ్యాక్టరీ తన భాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీటిని వద్దనుకుంది. ఇంజన్లకు పనికిరాని నీళ్ళను ఊరు ఇంకా ఏడాది పాటు తాగింది.

ఇక మరమ్మతు. బాగుచేయాలా, పారేయాలా అన్నది ముందు తేల్చుకోవాలి. రేకు ఎంత మిగిలిందో సుత్తితో కొట్టి వింటే కొంత తెలుస్తుంది. ఖంగుమంటే రేకు ఉంది, మొద్దుగా మోగితే లేదు. అల్ట్రాసోనిక్ మందం మీటరుతో కొలిస్తే అంకెల్లో తెలుస్తుంది. వెల్డింగు షాపుల్లో లేకపోయినా ఫ్యాక్టరీల చుట్టూ పనిచేసే తనిఖీ సంస్థల దగ్గర ఆ మీటరు ఉంటుంది. మొదట వేసిన మందంలో సగం పోయి, గుంటలు అక్కడక్కడా కాక నలుమూలలా ఉంటే దాని మీద పూతకు పెట్టే డబ్బు దండగ. వెయ్యి, రెండువేల లీటర్ల చిన్న ట్యాంకైతే నేను రెండో ఆలోచన లేకుండా ప్లాస్టిక్‌కు మారమంటాను. ఐ.ఎస్. 12701 ముద్ర ఉన్నది కొంటే చాలు. ట్రాక్టరు ట్యాంకరుకు, పెద్ద ట్యాంకులకు మాత్రం మరమ్మతు గిట్టుబాటవుతుంది. రేకు అతుకులు, వెల్డింగు, మెట్లు, గొట్టాల మార్పులు అన్నీ పూతకు ముందే అయిపోవాలి. పూత వేశాక బయట ఒక కొక్కెం వెల్డింగు చేసినా లోపల ఆ మేర కాలిపోతుంది. అతుకు వెల్డింగు ముక్కలుముక్కలుగా కాకుండా ఏకధారగా ఉండాలి. పదునైన అంచులను గ్రైండరుతో గుండ్రం చేయాలి. అంచు మీద పెయింటు నిలవక పక్కలకు జారుకుంటుంది, తుప్పు మొదట తల ఎత్తేది అక్కడే.

తుప్పు గీకడం దగ్గరకొస్తే మన ఊళ్ళ పద్ధతి అందరికీ తెలుసు. చిప్పింగు సుత్తి, వైరు బ్రష్షు, ఉప్పుకాగితం. మేస్త్రీ ఎంత నిజాయితీగా చేసినా దీనికి ఒక హద్దుంది. వైరు బ్రష్షు పైతుప్పును తీస్తుంది, గుంటల్లోని తుప్పును మెరుగుపెట్టి మెరిపిస్తుంది. చూపుకు ఇనుము శుభ్రంగా కనపడుతుంది, గుంట అడుగున క్లోరైడు అలాగే ఉంటుంది. నీళ్ళలో మునిగి ఉండే పూతకు ప్రపంచమంతా కోరేది అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 8501లోని ఎస్.ఎ. రెండున్నర స్థాయి. అంటే గరుకు రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి, ఇనుము దాదాపు తెల్లగా తేలేదాకా శుభ్రం చేయడం. గాలిలో ఉండే గేటుకు వైరు బ్రష్షు సరిపోతుంది, నీటిట్యాంకు లోపలికి సరిపోదు.

ఇక్కడ నెల్లూరుకు సంబంధించిన ఒక చేదు సంగతి చెప్పుకోవాలి. చిల్లకూరు, కోట మండలాల్లో తవ్వే తెల్లటి సిలికా ఇసుక గాజు పరిశ్రమకు పేరుమోసిన సరుకు. అదే ఇసుకను కంప్రెసరుతో ఇనుము మీదికి కొడితే తుప్పు బాగా పోతుంది, చవకగా కూడా పోతుంది. కొట్టే మనిషి ఊపిరితిత్తులు కూడా పోతాయి. పగిలిన సిలికా ధూళి పీల్చితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. పోత ఇనుము లాంటి వస్తువులను ఇసుకతో కొట్టి శుభ్రం చేయడాన్ని బ్రిటన్ 1949లోనే నిషేధించింది. ట్యాంకు లోపల నాలుగు గోడల మధ్య ఆ పని చేయించడం మరీ అన్యాయం. రాగి పరిశ్రమల్లో మిగిలే చిట్టెం, ఉక్కు గ్రిట్, గార్నెట్ ఇవన్నీ దొరుకుతున్నాయి. గుత్తేదారు ఇసుక బస్తాలతో వస్తే వెనక్కి పంపాలి.

రేణువులతో కొట్టినా ఉప్పు మొత్తం పోదు. కంటికి తెల్లగా కనపడే ఇనుములో గుంటల అడుగున క్లోరైడు ఉండనే ఉంటుంది. దాని మీద పూత వేసి నీళ్ళు నింపారనుకోండి. ఏ పూతైనా కొద్దోగొప్పో నీటి అణువులను లోపలికి పోనిస్తుంది. కింద చిక్కుకున్న ఉప్పు, మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరినట్టు, ఆ నీటిని తనవైపు లాక్కుంటుంది. పూత కింద నీటి పొక్కులు లేస్తాయి. పొక్కు చితికితే లోపల కొత్త తుప్పు. ‘పెయింటు నకిలీది’ అని షాపువాడితో గొడవపడేది అప్పుడే. చాలాసార్లు షాపువాడి తప్పేమీ ఉండదు.

ఎంత ఉప్పు మిగిలితే ప్రమాదం? అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2006లో ఓడల బ్యాలస్టు ట్యాంకుల పూతకు ఒక ప్రమాణం పెట్టింది. 15 ఏళ్ళు నిలవాలన్నది లక్ష్యం. అందులో ఉప్పుకు హద్దు చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. దీన్ని మన ట్యాంకరుకు అన్వయించి చూద్దాం. 5,000 లీటర్ల గుండ్రటి ట్యాంకరు లోపలి వైశాల్యం సుమారు 17 చదరపు మీటర్లు. అంటే మొత్తం ట్యాంకరులో మిగలదగ్గ ఉప్పు ఒక గ్రాము లోపే, రెండు వేళ్ళ మధ్య పట్టే చిటికెడు. ఇప్పుడు తుప్పు గీకాక ట్యాంకును కడిగే నీళ్ళు ఏమిటో చూడండి. పక్కనే ఉన్న ఉప్పుబోరు. ఆ నీటిలో లీటరుకు 2,000 మిల్లీగ్రాముల లవణాలున్నాయనుకుంటే, చదరపు మీటరు గోడ మీద 50 మిల్లీలీటర్ల నీరు ఆరిపోయినా 100 మిల్లీగ్రాముల లవణం మిగులుతుంది. హద్దుకు రెండింతలు. తుప్పు తీసి ఉప్పు పూస్తున్నామన్నమాట.

దీనికి మందు ఊళ్ళోనే ఉంది. మొదటి కడుగుడు ఏ నీళ్ళతో చేసినా, ఆఖరి కడుగుడు ఆర్.ఓ. ప్లాంటు నీళ్ళతో ప్రెషరు పంపు పెట్టి చేయాలి. పది క్యాన్ల నీళ్ళు ఒక ట్యాంకరుకు సరిపోతాయి, పూత ఖరీదుతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. వరస ఇలా ఉండాలి: ముందు బురద తీసి కడగడం, తర్వాత రేణువులతో కొట్టడం, తర్వాత ఉప్పు పరీక్ష, ఉప్పు తేలితే మళ్ళీ మంచినీళ్ళ కడుగుడు, వేడిగాలితో ఆరబెట్టడం, పైన పట్టిన లేత తుప్పు పోయేలా మరొకసారి తేలిగ్గా కొట్టడం. పరీక్ష కష్టమేమీ కాదు. అరచేతిలో పట్టే అంటుడు బిళ్ళను ఇనుము మీద అతికించి, సిరంజితో డిస్టిల్డ్ వాటర్ ఎక్కించి, వెనక్కి లాగి, ఆ నీటి విద్యుత్ వాహకత కొలుస్తారు. కృష్ణపట్నం రేవు చుట్టూ పెద్ద పరిశ్రమలున్న చోట ఈ పనివాళ్ళు దొరకకపోరు. అడిగేవాళ్ళే లేరు.

తుప్పును తీయకుండా తుప్పునే పూతగా మార్చేస్తామనే సీసాలు హార్డ్‌వేరు షాపుల్లో వరసగా కనపడతాయి. రస్ట్ కన్వర్టర్లు. వీటిలో ఉండేది ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిక్ ఆమ్లమో. రెండోది మనకు పాత చుట్టమే. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్లటి సిరా వస్తుందని మన పూర్వులకు తెలుసు. ఇనుము, టానిన్ కలిసిన ఆ నలుపే కన్వర్టరు రాసిన రేకు మీదా కనపడుతుంది. గేట్లకు, గ్రిల్లులకు, ట్యాంకు బయటి వైపుకు వాడుకోవచ్చు. లోపలికి మాత్రం వద్దనే చెబుతాను. మందపాటి తుప్పులో మందు అడుగుదాకా దిగదు. మిగిలిపోయిన ఆమ్లం, కరిగే ఫాస్ఫేటు రెండూ ఉప్పులాగే నీటిని లాగి పొక్కులు లేపుతాయి. క్లోరైడును ఇవి ఏమీ చేయలేవు.

పూతల్లోకి వద్దాం. రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, పైన ఎనామిల్ అనే జోడీ మన వెల్డింగు షాపుల పంచాక్షరి. ఇది గాలిలో ఉండే ఇనుముకు పనికొచ్చే సరుకు. నూనె రెసిన్లతో చేసిన ఈ రంగు రోజూ నీళ్ళలో మునిగి ఉంటే మెత్తబడి పెచ్చులై లేస్తుంది, నీళ్ళకు వాసన పడుతుంది. ఏడాది తిరిగేసరికి ట్యాంకరు మళ్ళీ ఎర్రబడటానికి ఉప్పు తర్వాత పెద్ద కారణం ఇదే. ఇంకా పాత ట్యాంకుల్లో సీస సిందూరపు ప్రైమరు ఉండవచ్చు. ఇళ్ళలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటరాదని మన దేశంలో 2016లో నిబంధన వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకుముందు కట్టిన ట్యాంకులో నారింజ రంగు పాత ప్రైమరు కనపడితే పొడిగా గ్రైండరు పెట్టవద్దు. ముందు పరీక్ష చేయించాలి. తారుతో చేసిన ఎపాక్సీ ఒకప్పుడు నీటిట్యాంకులకు, పడవలకు తిరుగులేనిది. పని బాగానే చేస్తుంది, అందులోని క్యాన్సరు కారక పదార్థాల వల్ల తాగునీటికి తగదు. బిటుమెన్ నల్లరంగు చవక. వాసన పోవడానికి చాలాకాలం పడుతుంది, నెల్లూరు ఎండలకు పైకప్పు మీద మెత్తబడుతుంది.

సిమెంటు పూతను చాలామంది చిన్నచూపు చూస్తారు. ఆ చూపు తప్పు. తడి సిమెంటు క్షారగుణం ఇనుమును తుప్పు పట్టకుండా చేస్తుంది. మన మంచినీటి పథకాల డక్టైల్ ఇనుప గొట్టాల లోపల ఉండేది సిమెంటు గారే. పాత ఓడల్లో మంచినీటి ట్యాంకులకు సిమెంటు వెల్ల వేసేవారు. చిన్న లోపముంటే తనే పూడ్చుకునే గుణం కూడా దానికుంది. కదలని పెద్ద ట్యాంకుకు, పెద్ద ఖర్చు పెట్టలేని పంచాయతీకి ఇది యోగ్యమైన మార్గం. గతుకుల రోడ్డు మీద ఊగే ట్రాక్టరు ట్యాంకరులో మాత్రం త్వరగా బీటలిస్తుంది. ఆర్.ఓ. నీళ్ళు దాని సున్నాన్ని కరిగిస్తాయి.

అన్నీ చూశాక తేలేది ద్రావకం కలపని ఎపాక్సీ. రెండు డబ్బాల సరుకు, కలిపాక గట్టిపడుతుంది. ద్రావకం కలిసిన ఎపాక్సీ చవకైనా మూసి ఉన్న ట్యాంకులో ఆ ద్రావకం ఆరకుండా పొరలో చిక్కుకుపోయి పొక్కులకూ వాసనకూ దారి తీస్తుంది. మందం 300 నుంచి 500 మైక్రాన్ల దాకా వేస్తారు. 17 చదరపు మీటర్లకు 400 మైక్రాన్లంటే లెక్క ప్రకారం 7 లీటర్లు, వృథా కలుపుకుంటే 9. ఒక ట్యాంకరుకు నాలుగు లీటర్ల డబ్బా చాలని ఎవరైనా అంటే పొర ఎంత పలచనో మీరే లెక్కేసుకోవచ్చు. వెల్డింగు అతుకులకు, మూలలకు, బోల్టు తలలకు ముందుగా బ్రష్షుతో ఒక చాలు వేసి, ఆ తర్వాతే మొత్తం పూత. రేకుల్లాంటి పొడి కలిపిన రకాలు ఇంకా మంచివి. అభ్రకపు రేకులో గాజు రేకులో పూతలో ఒకదాని మీద ఒకటి పేరుకుని, నీరు వంకరటింకరగా తిరిగితే తప్ప లోపలికి చేరకుండా అడ్డుపడతాయి. గూడూరు అభ్రకానికి ప్రపంచమంతా పేరున్న ఈ ప్రాంతంలో ఈ మాట చెప్పుకోవడం బాగుంటుంది. స్ప్రే చేసే పాలీయూరియా రబ్బరులా సాగుతుంది, ఊగే ట్యాంకర్లకు అనువే. దానికి ప్రత్యేకమైన యంత్రం, చేయి తిరిగిన మనిషి కావాలి. మరమ్మతుకు లొంగనంతగా రేకు గుంటలు పడితే లోపల ప్లాస్టిక్ సంచీలాంటి లైనరు దించడం మరో దారి.

డబ్బా మీద ‘ఫుడ్ గ్రేడ్’ అని అచ్చు ఉంటే సరిపోదు. తాగునీటికి పనికొస్తుందని పరీక్ష నివేదిక చూపించమనాలి. అమెరికా ఎన్.ఎస్.ఎఫ్. 61, బ్రిటన్ బి.ఎస్. 6920 పేరున్న ప్రమాణాలు. మైసూరు సి.ఎఫ్.టి.ఆర్.ఐ. పరీక్ష నివేదికలున్న సరుకులు మన బజారులోనూ ఉన్నాయి.

ఎపాక్సీకి వాతావరణంతో పేచీ ఎక్కువ. ఇనుము వేడి, మంచు కట్టే ఉష్ణోగ్రత (డ్యూ పాయింట్) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 85 శాతం దాటకూడదు. మన తీరంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ మామూలు సంగతి. అప్పుడు మంచు కట్టే ఉష్ణోగ్రత 26 డిగ్రీలకు పైనే. తెల్లవారుజామున చల్లబడ్డ రేకు ఆ హద్దు దాటదు. తేమలో ఆరిన ఎపాక్సీ మీద తెల్లటి జిడ్డు పొర కడుతుంది, కడగకుండా రెండో పూత వేస్తే అతకదు. మధ్యాహ్నానికి రేకు పెనంలా కాగి, కలిపిన సరుకు డబ్బాలోనే గట్టిపడుతుంది. పది డిగ్రీలు పెరిగితే చేతిలో ఉన్న సమయం దాదాపు సగమవుతుంది. నెల్లూరుకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువ. కాబట్టి సంక్రాంతి మంచు తగ్గాక, రోహిణి కార్తె రాకముందు, పొద్దెక్కి రేకు ఆరిన తర్వాత, సముద్రపు గాలి తిరగకముందు పనిచేయడం తెలివి. పూత ఆరాక తడి స్పాంజి పరీక్షతో సూదిబెజ్జాలు వెతకాలి. ఒక్క బెజ్జాన్ని వదిలేసి, లోపల స్టెయిన్‌లెస్ నిచ్చెనో ఇత్తడి వాల్వో ఉంచితే తుప్పంతా ఆ ఒక్క చోటే దిగి రేకు తూటు పడుతుంది. వారం రోజులు గట్టిపడనివ్వాలి. తర్వాత 1,000 లీటర్లకు 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగు 150 గ్రాములు నీటిలో కలిపి, తేరిన నీటినే పోసి, నిలవ ఉంచి పారబోసి, కడిగి వాడుకోవాలి.

పూతకు తోడు బలిచ్చే లోహం కట్టడం మరో రక్షణ. ఇనుము బదులు తాను కరిగిపోయే మెగ్నీషియం దిమ్మె. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకల రాగి తొడుగుకు చేసి చూపిన సూత్రం ఇదే. కదలని పెద్ద ట్యాంకులకు ఇది మంచి బేరం. నీళ్ళలో మునిగిన భాగానికే రక్షణ, పైకప్పుకు కాదు.

ఇనుప ట్యాంకు కాలం చెల్లిందా అనే అనుమానం రావచ్చు. కోల్‌కతాలోని టాలా ట్యాంకును చూడండి. 1909లో మొదలై 1911లో నీళ్ళు నింపిన ఆ ఉక్కు ట్యాంకు నేలకు 110 అడుగుల ఎత్తున 90 లక్షల గ్యాలన్లు, అంటే 4 కోట్ల లీటర్లకు పైగా మోస్తోంది. లోపల నాలుగు గదులు. ఈమధ్య చేసిన మరమ్మతులో ఒక గదిని ఖాళీ చేసి బాగుచేస్తూ, మిగతా వాటితో ఊరికి నీళ్ళిచ్చారు. వందేళ్ళు దాటినా నిలబడటానికి దాని ఉక్కుతోపాటు ఆ నాలుగు గదుల ఆలోచన కూడా కారణం. కొత్తగా ఇనుప ట్యాంకు కట్టేవాళ్ళు ఒక్కటి పెద్దదిగా కాక రెండుగా కడితే మరమ్మతు రోజున ఊరు ఎండిపోదు.

ఇక లోపలికి దిగే మనిషి. తుప్పు తన పనికి ప్రాణవాయువును వాడుకుంటుంది. కొన్నాళ్ళు మూసి ఉంచిన ఖాళీ ట్యాంకులో అది ప్రమాదకరంగా తగ్గిపోయి ఉండవచ్చు. మామూలు గాలిలో 20.9 శాతం ఉండేది 19.5కు తగ్గితే దిగకూడదు. వాసన రాదు, రంగు మారదు, మనిషి కూలబడతాడు. కాపాడబోయి దూకిన రెండోవాడూ పోతాడు. పెయింటు ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి అడుగున చేరుతుంది. ఫ్యానుతో పైనుంచి ఊదడం కాదు, అడుగునుంచి గొట్టంతో లాగాలి. లోపల వాడే చేతిదీపం 24 వోల్టులు దాటరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. ఊళ్ళలో 230 వోల్టుల బల్బు వేలాడదీసి, తడి ఇనుము మీద మనిషిని కూర్చోబెట్టడం ఇప్పటికీ ఆగలేదు.

పంచాయతీ కార్యదర్శులకు, హాస్టల్ వార్డెన్లకు, కాలేజీ యాజమాన్యాలకు విన్నపం ఒకటే. టెండరు కాగితంలో ‘ట్యాంకు లోపల మంచి రంగు వేయవలెను’ అని రాయవద్దు. ఇసుక కాకుండా వేరే రేణువులతో ఎస్.ఎ. రెండున్నర దాకా శుభ్రం చేయాలని, ఆఖరి కడుగుడు ఆర్.ఓ. నీళ్ళతో చేయాలని, ఉప్పు చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు దాటలేదని కొలిచి చూపాలని, తాగునీటి పరీక్ష నివేదిక ఉన్న ద్రావకరహిత ఎపాక్సీని 400 మైక్రాన్లు వేయాలని, గాలి పరీక్షించకుండా, బయట కాపలా మనిషి లేకుండా ఎవరినీ లోపలికి దించరాదని రాయండి. రేటు మామూలు కంటే ఎక్కువే పడుతుంది. జనవరిలోగా తీర్మానం చేసుకుంటే ఫిబ్రవరిలో పని మొదలుపెట్టి, ట్యాంకరు అవసరం పడే నాటికి సిద్ధంగా ఉంచుకోవచ్చు.